ఆపా ఎడమ చెయ్యి

మెహందీ కోన్ మొన కత్తిరించగానే నీలగిరి తైలం వాసన గుప్పుమంటుంది. ఈ రోజు పొద్దున ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో ఫోను మోగింది. రాయికల్ నుంచి ఎవరో ఆమె. ఇంట్లో పెళ్ళి ఉందట, నేను పెట్టిన మెహందీ ఫొటోలు చూసిందట, బాగున్నాయట. "ఒక్క చెయ్యికి ఊకెనే సాంపిల్ పెట్టి చూపెట్టు. నచ్చితే పనంత నీకే ఇస్తం" అంది. పెళ్ళి హాలు వాణ్ణి ఒక పూట ఊరికే ఇచ్చి చూపమని వీళ్ళు అడగరు. బ్యాండు వాళ్ళను వీధి చివరిదాకా ఊరికే వాయించమనరు. చేతిపని చేసుకునే ఆడది కనిపిస్తే మాత్రం అడగడానికి నోరు వస్తుంది. పెట్టనని చెప్పాను. ఆ తర్వాత కూడా చాలాసేపు కోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆ వాసన నాకు షాహీన్ ఆపాను గుర్తుచేస్తుంది.

ఆపా అంటే అక్క. ఆవిడది కోరుట్ల. నాకు ఈ పని నేర్పింది ఆవిడే. డిగ్రీ మధ్యలో మానేసి ఇంట్లో మూతి ముడుచుకుని కూర్చున్న నన్ను మా అమ్మ తీసుకెళ్ళి ఆవిడ ముందు కూర్చోబెట్టింది. ఇరుకు గది, గోడవారగా చాప, తడిగుడ్డ కప్పిన గిన్నెలో నానుతున్న మెహందీ. నేను తొందరగా పువ్వులూ నెమళ్ళూ గీసెయ్యాలనుకుంటే, ఆవిడ ముందుగా చెయ్యి పట్టుకోవడం నేర్పింది. "గట్టిగ ఒత్తకు చెల్లె. పెండ్లిపిల్ల పొద్దటిసంది ఏమన్న తిన్నదో లేదో. నీ చేతుల పెట్టిన చెయ్యి గది, జర నెమ్మదిగ పట్టు" అనేది. ఇప్పటికీ పెళ్ళికూతురు చెయ్యి అందుకునేటప్పుడు నా వేళ్ళు వాటంతట అవే మెత్తబడతాయి.

సాంపిల్ అడిగే వాళ్ళకు ఆపా దగ్గర ఒక పద్ధతి ఉండేది. పెళ్ళికూతురికి గాని, చుట్టాలకు గాని ఊరికే పెట్టేది కాదు. అలాగని కాదనేదీ కాదు. తన ఎడమ చేతిమీదే పెట్టుకుని చూపించేది. పాత సాంపిల్ వెలిసిపోకముందే మరొకరు వస్తే మణికట్టు మీద, ఇంకొకరు వస్తే మోచేతి దిగువన. సీజన్‌లో ఆ చేతిమీద చోటు దొరికేది కాదు. వచ్చినవాళ్ళు ఆ చెయ్యిని సంతలో సొరకాయను తిప్పినట్లు అటూ ఇటూ తిప్పి చూసేవాళ్ళు. ఫొటో తీసుకునేవాళ్ళు. మళ్ళీ ఫోను చేస్తామని వెళ్ళేవాళ్ళు. ఒకసారి సిరిసిల్ల పెళ్ళికి నేను భోజనానికి వెళితే, పెళ్ళికూతురి అరచేతిలో ఆపా సాంపిలే ఉంది, తీగ వంపుతో సహా. పెట్టింది వేరెవరో. వచ్చి చెబితే ఆపా నవ్వింది.

"మంచిగనే పెట్టిందా?" అని అడిగింది.

"దొంగతనం ఆపా అది. వాళ్ళకు గట్టిగ చెప్పవేంది?"

"ఏం చెప్పాలె చెల్లె? నచ్చిందనే గదా తీసుకపోయిండ్రు."

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మంచితనాన్ని చూసి మురిసిపోయే వయసు కాదు నాది. మంచితనంతో ఇల్లు గడవదని మా ఇంట్లో రోజూ చూస్తున్నాను.

కథలాపూర్ వైపు నుంచి ఒక పెళ్ళి వాళ్ళు వచ్చింది ఆ మరుసటి సీజన్‌లోనే. వచ్చినావిడ పెళ్ళికూతురికి మేనత్త. పెళ్ళికూతురితో పాటు ఇంటిల్లిపాది ఆడవాళ్ళకూ పెట్టాలని చెప్పింది. ఆ సీజన్‌లో అప్పటిదాకా ఆపాకు పెద్ద పెళ్ళి తగల్లేదు. ఈ ఒక్కటి కుదిరితే ఆ చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళన్నీ వస్తాయని ఆవిడ ఆశ. మేనత్త సంచిలోంచి ఒక కోన్ తీసింది. "మా అన్న దుబాయి నుంచి పంపిండు. ఎర్రగ కాదు, నల్లగ పండుతదట. ముందుగాల నీ చేతికి పెట్టి చూపియ్యి. ఏమన్న అయి పిల్ల చెయ్యి ఖరాబైతే ఎట్ల?" అంది.

ఆ మాట ఎంత మామూలుగా అందంటే, అందులో ఏముందో అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. చెయ్యి పాడవ్వొచ్చని ఆవిడకు అనుమానం ఉంది. అందుకే తెచ్చి ఆపాకు ఇచ్చింది. వద్దని నేను సైగ చేశాను. ఆపా చూసి కూడా చూడనట్టు మొహం తిప్పుకుంది. ఎడమ చేతికి వేళ్ళ కొసల నుంచి మణికట్టు దాకా ఆ నల్లటి మందు పెట్టుకుంది. అంత అందంగా ఆవిడ గీయడం నేను మళ్ళీ చూడలేదు.

సాయంత్రానికి దురద మొదలైంది. మర్నాటికి గీసిన ప్రతి గీత వెంటా బొబ్బలు లేచాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళి, అక్కడి నుంచే మేనత్తకు ఫోను చేశాను. "అయ్యో" అంది ముందు. తర్వాత "మంచిదైంది, ముందుగాలనే చూసుకున్నం" అంది. ఆపాకు ఎలా ఉందని అడగలేదు. పని మరొకరికి ఇచ్చేశారు. బొబ్బల చేత్తో శుభకార్యమేమిటని ఇంట్లో పెద్దవాళ్ళు అన్నారట. అది కూడా ఆ మేనత్త నాకే చెప్పింది, నేను అర్థం చేసుకుంటానన్నట్లు.

పుండ్లు మానాయి, మచ్చలు మిగిలాయి. గీసేది కుడిచెయ్యే, దానికేం కాలేదు. కానీ పెళ్ళికూతురి చెయ్యి పట్టుకోవలసింది ఎడమ చెయ్యి. దాన్ని చూడగానే తల్లులు మొహాలు చిట్లించేవాళ్ళు. అంటుకుంటుందేమోనని ఒకావిడ పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది. తర్వాత పిలుపులు తగ్గాయి, ఆ తర్వాత లేవు. ఇప్పుడు ఆపా ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతోంది.

నేను జగిత్యాల వచ్చి సొంతంగా పని మొదలుపెట్టాక ఒకరోజు అదే మేనత్త నాకు ఫోను చేసింది. రెండో మేనకోడలి పెళ్ళి. గొంతును బట్టి నేను గుర్తుపట్టాను గానీ ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. సాంపిల్ పెట్టనంటే ఆశ్చర్యపోయింది. "కోరుట్లల ఒక ఆపా ఉండె. పాపం, ఎన్నడు కాదనకపోయేది. తన చేతిమీదనే పెట్టి చూపెట్టేది" అంది.

"గా చెయ్యి మీరు తెచ్చిన కోన్‌తోనే కాలింది" అన్నాను.

"గది ఎప్పటి ముచ్చటో" అని ఫోను పెట్టేసింది.

అంత మాట అనగలిగానని పొంగిపోతూ ఆ వారమే కోరుట్ల వెళ్ళాను. జరిగిందంతా ఆపాకు పూసగుచ్చినట్లు చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. పోనీ, కన్నీళ్ళన్నా పెట్టుకుంటుందనుకున్నాను. ఆవిడ బీడీ కట్టకు దారం చుట్టడం ఆపి అడిగింది.

"గప్పుడు పెద్దపిల్లకు మరి మెహందీ ఎవలు పెట్టిండ్రంట చెల్లె? మంచిగ పండిందా?"

నాకు కోపం ముంచుకొచ్చింది. "నాకేం తెలుసు? నేనడగలె" అన్నాను. చాయ్ తాగమన్నా తాగకుండా లేచి వచ్చేశాను.

కాదనడం నాకు ఆపా నేర్పలేదు. ఆవిడకు జరిగింది చూసి నేర్చుకున్నాను, బాగా నేర్చుకున్నాను. నన్ను పొగరుబోతు అంటారని తెలుసు, అననీ. కానీ కాదని ఫోను పెట్టేసిన ప్రతిసారీ ఆ ఇంటి పెళ్ళిపిల్లకు ఎవరు పెడతారో, ఎలా పండుతుందో అనిపిస్తుంది. ఈ పొద్దున రాయికల్ పిల్ల గురించి కూడా అనిపించింది. ఆ పిల్ల పేరు కూడా నేను అడగలేదు.