నీలగిరి తోపు మన్ను

తొంభైల చివర్లో సర్జాపుర రోడ్డు పక్కన మేము ఇల్లు కట్టుకున్న సైటు అంతకుముందు నీలగిరి తోపు. చెట్లు కొట్టేసి, మొద్దులు పెరికేసి, చదును చేసి అమ్మేశారు. ఎర్రమన్ను కనబడగానే మా అత్త మురిసిపోయింది. అద్దె ఇంట్లో పాత నూనె డబ్బాలో పెంచుకున్న సంపంగి మొక్కను గృహప్రవేశం నాడే నా చేత నాటించింది.

నాకు అప్పటికే రెండుసార్లు కడుపు పోయింది. నా హస్తవాసి గురించి చుట్టాల్లో గుసగుసలు మొదలయ్యాయి. నేను తోడు పెట్టిన పాలు తోడుకోవట, నేను నాటిన మొక్క బతకదట. వింటే ఒళ్ళు మండిపోయేది. ఈ సంపంగిని బతికించి తీరాలని పంతం పట్టాను. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా బిందెడు నీళ్ళు పోసేదాన్ని. అది మాత్రం రోజురోజుకీ వాడిపోతూ వచ్చింది. అత్త పన్నెత్తి ఒక్క మాట అనేది కాదు. అంటే పోట్లాడి ఊరుకునేదాన్ని, అనకపోవడమే గుచ్చుకునేది.

ఒక రాత్రంతా కుండపోతగా వాన. పొద్దున్నే ఆశగా వెళ్ళి చూస్తే ఆకులు వేలాడుతున్నాయి. వేరుకు ఏ పురుగు పట్టిందో తేల్చుకుందామని, కోపంగా పార తీసుకుని పక్కనే తవ్వాను. పైన వేలెడు తడి. దాని కింద మన్ను రాగిపిండిలా పొడిపొడిగా ఉంది. రాత్రంతా వాన కురిసిన నేల! గుప్పెడు మన్ను అరచేతిలోకి తీసుకుని చెంబుతో నీళ్ళు పోశాను. నూనె రాసిన పెనం మీద పోసినట్టు చుక్కలు దొర్లి కింద పడిపోయాయి. మన్ను తడవలేదు. భయం వేసింది.

కంచె అవతల, నీలగిరి వేయని బీడులో, ఎవరూ నాటకుండా తమంతట తామే పెరిగిన తంగేడు పొదల కింద కూడా తవ్వి చూశాను. అక్కడ మోచేతి లోతు వరకూ చల్లటి తడి. ఏళ్ళ తరబడి రాలిన నీలగిరి ఆకుల జిడ్డు మన్నుకు పట్టి నీళ్ళను లోపలికి దిగనివ్వదని తర్వాత తెలిసింది. మన్నును బట్టి చెట్టు పెరుగుతుందని బడిలో చదివాను. చెట్టును బట్టి మన్ను తయారవుతుందని ఎవరూ చెప్పలేదు.

వెనక్కి వచ్చేసరికి అత్త గుంట దగ్గర నిలబడి ఉంది. ఆ పొడిమన్ను వేళ్ళతో నలిపి చూస్తూ, ఇన్ని నీళ్ళూ యాడికి పోయినాయని అడిగింది. రోజూ పోశానత్తా, ఒట్టు అన్నాను.

"నువ్వు పోసేది చూస్తానే ఉండాను కదమ్మా. తెల్లారకముందే నేనూ పోస్తా ఉంటిని. ఇది చచ్చిపోతే మళ్ళా నిన్నే అంటారని."

నేను గుంట పక్కనే కూలబడ్డాను. ఆమె పోసిన నీళ్ళూ, నేను పోసిన నీళ్ళూ, రాత్రి కురిసిన వానా కలిసి వేలెడు లోతు దాటలేదు.