మామయ్య పన్నుకు నీళ్లు కట్టిన రోజు

మొన్న విజయనగరంలో నాకు రూట్ కెనాల్ చేసిన డాక్టరమ్మ, వేరు చివరన పడిన చిల్లును ఏదో కొత్త సిమెంటుతో మూసి, కుర్చీ దిగేలోపే అది గట్టిపడిపోయిందని చెప్పి పంపేసింది. అంత సులువుగా అయిపోవడం నాకెందుకో వెలితిగా తోచింది. మా ఇంట్లో మొదటిసారి పన్నుకు సిమెంటు పడినప్పుడు ఇల్లంతా ఒక పూట పనులు మానుకుని కూర్చుంది మరి.

నేను శ్రీకాకుళంలో కొత్తగా టీచరుగా చేరిన రోజులవి. పాతపట్నం గుడిలో సన్నాయి వాయించే మా మేనమామ చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడ్డాడు. అప్పుడు దెబ్బతిన్న ముందుపన్ను అన్నేళ్ల తర్వాత చీము పట్టి సలపసాగింది. అందరూ పీకించేయమన్నవాళ్లే. ముందుపన్ను లేకపోతే సన్నాయి పెదాల మధ్య నిలవదు, గాలి పోతుంది. పైగా స్వామి కల్యాణం వారంలోకి వచ్చేసింది. "ఈ పన్ను పీకితే నన్ను గుళ్లోంచి పీకేసినట్టేనమ్మా" అంటూ మా ఇంటికి వచ్చి కూలబడ్డాడు.

మా ఊరి కుర్ర పళ్ల డాక్టరు చూసి, వేరు చివర చిన్నప్పటి నుంచీ మూసుకోకుండా ఉండిపోయిందని, అక్కడ తడి ఇసుకలాంటి సిమెంటు పెడతానని, అది తడి ఉంటేనే, అదీ నెమ్మదిగా గట్టిపడుతుందని చెప్పాడు. పెట్టి, లోపల తడి దూది ఉంచి, పైన మూత వేసి, మర్నాడు రమ్మన్నాడు.

తడి అన్న మాట మా నాన్న చెవిన పడింది. అప్పుడే ఇంటికి స్లాబు వేయించి, పొద్దునా సాయంత్రం దానికి నీళ్లు కడుతూ తానే మేస్త్రీనైపోయాననుకుంటున్నాడాయన. "సిమెంటుకి నీల్లు సూపించకపోతే బీటలిచ్చేస్తాది బావా, నోట్లో నీల్లెట్టుకుని కూకో" అని చెంబు పట్టుకుని పక్కనే కాపలా కూర్చున్నాడు.

నాకు తెలిసి మామయ్య మాట్లాడకుండా ఉన్నది ఆ ఒక్క సాయంత్రమే. కూరలో ఉప్పు దగ్గర్నుంచి నాకొచ్చే సంబంధాల దాకా అన్నిటికీ తీర్పు చెప్పే మనిషి, బుగ్గలు పొంగించుకుని కళ్లతో మాత్రమే ఉరుముతుంటే ఇరుగుపొరుగు వచ్చి చూసి వెళ్లారు. మర్నాడు డాక్టరు నవ్వి, ఆ నీళ్లు మూత దాటి లోపలికి పోనే పోవని చెప్పి, సూదితో తట్టి చూసి, బాగా గట్టిపడిందన్నాడు. అది తన ఘనతేనని మా నాన్న అందరికీ చెప్పుకున్నాడు. మా అత్త మాత్రం నవ్వకుండా, "ఇంకో పన్నుకి కూడా ఎయ్యండి బాబూ, ఇల్లు సల్లగా ఉన్నాది" అంది.

కల్యాణానికి మేమంతా వెళ్లాం. మామయ్య సన్నాయి పెదాలకు ఆనించేసరికి మేమంతా ఆ పన్ను వంకే చూశాం. స్వరం ఎక్కడా చీలకుండా గుడి దాటి వీధిలోకి పోయింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ పాత సిమెంటుకు పన్నును నల్లబరిచే గుణం ఉండేదట. ఏడాది తిరిగేసరికి మామయ్య పన్ను బూడిదరంగుకు వచ్చింది. ఆయనకేమీ సిగ్గు లేదు, ఏమైందని ఎవరడిగినా సన్నాయి పక్కన పెట్టి, ప్రతిసారీ ఇంకాస్త కలిపి కథంతా చెప్పేవాడు. ఇప్పటి సిమెంటు రంగు మార్చదట. నా పన్ను ఎప్పటిలాగే తెల్లగా ఉంది, దాన్ని చూసి ఏమైందని ఎవరూ అడగరు. మామయ్య ఉంటే, అంతా తెలిసి కూడా, అడిగేవాడు.