ఎవరికీ వినబడని తేట గొంతు

కెర్కెన్నా దీవుల్లో సముద్రం మీద ఎవరు కేక వేసినా అది రేడియోలో అన్ని పడవలకూ వినబడాలి. దగ్గరున్నవాడు తన పేరు చెప్పి "ఉన్నా" అని పలకాలి. పలకనివాడు దేవుడికి జవాబు చెప్పుకోవాల్సిందే.

మబ్రూకా ఆ దీవుల పిల్లే. అవతలి ఒడ్డు పట్నం స్ఫాక్స్‌లో రేడియోలు రూపొందించే ఉద్యోగం. ఆమె చేసిన పెట్టెకు లోపలి ప్రోగ్రామే ప్రాణం. పడవల రేడియో, ఫోను టవరు, రెండిట్లో ఏది తేటగా అందితే దాని మీదికి తనే మారిపోతుంది. ముసలి చేతులు తికమకపడకూడదని మీటలన్నీ తీసేసింది. తండ్రి పోయాక తనను పెంచిన ఫ్రెజ్ బాబాయ్ "మా అమ్మాయి చేసింది" అంటూ తన పడవలోని పాత సెట్టు పీకేసి, అందరికంటే ముందు దాన్ని పెట్టించుకున్నాడు. ఆయన్ని చూసి ఇంకొందరు పెట్టించుకున్నారు. పొరుగు పడవ మెస్‌ఊద్ మాత్రం నవ్వాడు.

"నా పాతది గరగరలాడినా మా ఆవిడ గొంతులా అలవాటైపోయింది. ఒదిలెయ్యమంటావా, తల్లీ?"

చలికాలం, పొగమంచు పట్టిన ఉదయం. రేవు గదిలో మబ్రూకా తన సెట్టు పరీక్షించుకుంటుంటే ఫ్రెజ్ గొంతు పక్కన కూర్చుని మాట్లాడినట్టు వచ్చింది. ఆ తేటదనానికి ముందు ఆమెకు సంతోషమే కలిగింది. అల్లా క్షమించాలి.

"ఇంజను చచ్చిపోయిందే. పడవలోకి నీళ్ళొస్తున్నాయి. ఇందాకట్నుంచీ కేకలేస్తున్నా, ఒక్కడూ పలకడేం? మెస్‌ఊద్ ఇటే వల వేస్తానన్నాడు. అలిగాడా నా మీద?"

"లేదు బాబాయ్," అంటూంటేనే ఆమెకు అర్థమైంది. పెట్టె పడవల రేడియోను వదిలి ఫోను టవరును ఎంచుకుంది. కేక తిన్నగా రేవుకొచ్చింది, పక్కనున్న పడవకు చేరలేదు. రేవు రేడియో అంత దూరం అందదు. మెస్‌ఊద్ ఫోను ఇంట్లో పెట్టి వెళ్తాడు. గస్తీ పడవ బయల్దేరింది గాని, ఆ మంచులో ఎక్కడని వెతుకుతుంది?

ప్రోగ్రామ్ ఇక్కడి నుంచే మార్చి, పెట్టెను పడవల రేడియో మీదికి తిప్పొచ్చు. కానీ సెట్టు ఒకసారి ఆగి మళ్ళీ లేవాలి. తడిసిన బ్యాటరీతో లేవకపోతే ఆయనకు ఈ ఒక్క దిక్కూ ఉండదు.

"మారిస్తే నీ మాట నాకు వినబడదు, బాబాయ్. లేచిందో లేదో కూడా తెలీదు."

"నాకు తెలుస్తుందిగా. బిస్మిల్లా అని నొక్కు. ఏడవకు, వేళ్ళు వణుకుతాయి."

నొక్కింది. లేచినా నిశ్శబ్దమే, లేవకపోయినా నిశ్శబ్దమే. టీ కొట్టు హలీమా వచ్చి, ఏమీ అడక్కుండా తన శాలువ ఆమె భుజాల మీద కప్పి, చల్లారిన గ్లాసు తీసి వేడిది పెట్టింది. గట్టు మీద వలలు బాగుచేసుకునేవాళ్ళు పని ఆపి దువా చేస్తున్నారు.

మధ్యాహ్నపు నమాజు దాటాక మెస్‌ఊద్ పడవ ఒక్కటే తిరిగొచ్చింది. అందులో దుప్పటి చుట్టుకుని, పెదాలు నీలంగా, ఫ్రెజ్.

"నీ పెట్టె లేచిందే, తల్లీ," అన్నాడు పళ్ళు కొట్టుకుంటుండగా. "పడవే లేవలేదు."

ఆమె నవ్వలేకపోయింది. ఆయన్ని హలీమాకు అప్పగించి, స్క్రూడ్రైవరు పట్టుకుని, తన పెట్టె ఉన్న మరో పడవలోకి దిగింది.

"బాగానే పనిచేస్తోందిగా, ఎందుకమ్మా విప్పుతావ్?" అన్నాడు పడవవాడు.

"బాగానే పనిచేస్తోంది, అన్నా," అంది మబ్రూకా. "అదే నా భయం."