నేను కల్పించిన మూడు అంకెలు

1968 జూలై 1, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. ధారవాడలో సన్నని తుంపర పడుతోంది; గాలి పడమటి నుంచి వీస్తోంది. ముందురోజు తెల్లవారుజామున మేము బయలుదేరినప్పుడు మా పొలాలున్న గోరేబాళ దగ్గర చినుకు లేదు, కాలువలో నీరు లేదు. విశ్వవిద్యాలయంలో చేరబోతున్న పదిహేడేళ్ళ మా పెద్దబ్బాయిని తీసుకుని నేనూ నా భార్యా వసతి గృహం గేటు ముందు నిలబడ్డాం. వెంట ఒక ఇనప్పెట్టె, ఒక పరుపు చుట్ట, రెండు ఆవకాయ జాడీలు. ముగ్గురికీ కలిపి ఒకటే గొడుగు.

మేము కృష్ణా డెల్టా నుంచి 1957లో తుంగభద్ర ఎడమ కాలువ కింద భూములు కొనుక్కుని రాయచూరు జిల్లాకు వచ్చినవాళ్ళం. మాలాంటివాళ్ళు కట్టుకున్న పల్లెలను అక్కడ క్యాంపులంటారు. మా క్యాంపులో నలభై రెండు ఇళ్ళు. పిల్లలు సింధనూరులో కన్నడంలో చదువుకున్నారు. నాకు మాత్రం పదకొండేళ్ళలో కన్నడపు అంకెలు, వారాల పేర్లు, నీటి వంతుకు సంబంధించిన నాలుగు మాటలు తప్ప మరేమీ రాలేదు. కచేరీల్లో పని పడితే ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్ళేవాణ్ణి. అది లోపమని అప్పట్లో నాకు తోచలేదు.

గదుల కేటాయింపు జాబితా వరండాలో పలక మీద అంటించి ఉంది. మా అబ్బాయి వేలు పెట్టి చదివాడు.

"నాన్నా, ముప్పై ఒకటి! మా ఇద్దరికీ ఒకటే గది!"

"ఇద్దరంటే?"

వాడు గేటు వైపు చూపించాడు. నెత్తిన గోనెసంచి కప్పుకుని ఒక మనిషి, పక్కనే కంబళి చుట్ట చంకన పెట్టుకుని ఒక కుర్రవాడు వస్తున్నారు. ఆ మనిషి నాకు తెలుసు. ఎనిమిదేళ్ళుగా మా పొలంలో నాట్లు వేసే ముఠాకు మేస్త్రీ. పుట్టింది తెలుగు మాట్లాడే ఇడపనూరులో, పెళ్ళి చేసుకుని గోరేబాళలో స్థిరపడ్డాడు. ఊరి బయట, అప్పట్లో మేము హరిజనవాడ అని పిలిచే చోట ఆయన ఇల్లు. ఆయన తెచ్చే ఆడవాళ్ళు ఎంత వరసగా నాటుతారో నాకు తెలుసు. ఆయనకు ఒక కొడుకు ఉన్నాడని, వాడు సింధనూరులో మూడేళ్ళు మా అబ్బాయితో ఒకే బెంచీ మీద కూర్చున్నాడని ఆ ఉదయం వరకు తెలియదు. మా వాడు నాకెందుకు చెప్పలేదో వెంటనే అర్థమైంది. అర్థమై కోపం వచ్చింది. రావలసింది కోపం కాదు.

"ధణీ, మీరు గూడ వచ్చిండ్రా!" అన్నాడు మేస్త్రీ. రైతు యజమానిని అక్కడ అలాగే పిలుస్తారు. "మంచిగైంది. ఇద్దరు పిల్లగాండ్లు ఒక్క కమ్రల. రాత్రంత నాకు ఒకటే ఫికరు, వీడు గీ ఊర్ల ఎవరితోని మాట్లాడ్తడో ఏమో అని."

"నాయినా, జర మెల్లగ," అన్నాడు కొడుకు, సిగ్గుపడుతూ.

మా అబ్బాయి నవ్వాడు. "మీరేం బెంగపెట్టుకోకండి బాబాయ్. వీడు క్లాసులో కునికిపాట్లు పడుతూ కూడా మాట్లాడతాడు. నోరు మూయించడమే కష్టం."

బాబాయ్ అన్న పిలుపు నా చెవిన పడింది. నా భార్య చెవిన కూడా పడింది. ఆమె జాడీ మూతల మీది గుడ్డలు బిగించసాగింది.

మా ఇంటి వాకిట్లో ఆ ముఠా మనుషులకు మంచినీళ్ళు దోసిట్లో ఎత్తి పోసేవాళ్ళం. మేస్త్రీ మా అరుగు ఎక్కి ఎరుగడు. ఇక్కడ గది పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, ఇద్దరికీ కలిపి ఒకటే మంచినీళ్ళ కూజా. వచ్చే ఏడాది మా క్యాంపు నుంచి మరో పిల్లవాడు చేరితే ఈ సంగతి నలభై రెండు ఇళ్ళకూ చేరుతుంది. నేను వేసుకున్న లెక్క అది. ఆ రోజులు అలాంటివని రాసి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ రోజుల్లోనే ఆ ఇద్దరు కుర్రవాళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

పది గంటల పదిహేను నిమిషాలకు, ఒక బకెట్టూ తాళం కప్పా కొనుక్కురమ్మని నా భార్యనూ మా అబ్బాయినీ బజారుకు పంపాను. తాళం కప్ప మా పెట్టెలో ఉంది. ఆ సంగతి ఆమెకు కూడా తెలుసు.

"ఉన్నది చాలదా?" అంది.

"రెండుంటే మంచిది," అన్నాను.

"మీకు ప్రతిదీ రెండుండాలి, గొడుగు తప్ప," అని విసుక్కుంటూ తుంపరలోకి దిగింది.

మా అబ్బాయిని పంపడానికి కారణం వాడికి కన్నడం రావడం. నేను చెప్పబోయేది వాడు వినకూడదు. వార్డెను గదిలోకి వెళ్ళాను. ఆయన ఆ ప్రాంతపు కన్నడంలో వేగంగా ఏదో అడిగాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయనకు తెలుగు రాదు. నాకు వచ్చిన ఇంగ్లీషు ఎరువుల సంచుల మీద రాసి ఉండేంత. రెండు నిమిషాలు నిలబడి బయటకు వచ్చాను. వరండాలో మేస్త్రీ తలగుడ్డ పిండుకుంటున్నాడు.

అప్పుడు నేను చేసిన పని ఎవరికీ నమ్మశక్యంగా ఉండదు. మా క్యాంపు వాళ్ళకు మాత్రం అది రోజూ చేసే పని. సింధనూరు కచేరీల్లో మా తరఫున కన్నడం మాట్లాడేది మా కూలీలే. అలవాటు కొద్దీ ఆయన్నే పిలిచాను.

"కాస్త లోపలికొచ్చి నా మాట వాళ్ళకు చెప్పు."

"అదేంది ధణీ, అడగాల్నా?" అని చెప్పులు బయట విడిచి వచ్చాడు.

మా అబ్బాయికి ఉబ్బసం ఉందని, గదిలో రెండో మనిషి ఊపిరి తగలకూడదని వైద్యుడు చెప్పాడని నేను అన్నాను. మేస్త్రీ ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు.

"చిన్న ధణికి దమ్మున్నదా? నాకు తెల్వకపాయె," అని చెప్పి, వార్డెను వైపు తిరిగి నా మాటల్ని కన్నడంలోకి మార్చాడు. వార్డెను ఏదో అడిగాడు.

"ఎప్పటి సంది అని అడుగుతుండు."

"ఆరేళ్ళుగా. ఏడాదికి నాలుగుసార్లు. వచ్చినప్పుడల్లా తొమ్మిది రోజులు ఉంటుంది."

అంకె చెబితే ఎవరైనా నమ్ముతారని నాకు తెలుసు. నేను నమ్మేదీ అంకెలనే. అంతవరకు నా జీవితంలో లేని అంకెను చెప్పలేదు, రాయలేదు. మేస్త్రీ కన్నడంలో చెబుతుంటే ఆ మూడే నాకు స్పష్టంగా తెలిశాయి: ఆరు, నాల్కు, ఒంబత్తు. ఒక్కటి కూడా వదలకుండా, పెంచకుండా, తగ్గించకుండా చెప్పాడు.

వార్డెను తల ఊపి కొంచెంసేపు మాట్లాడాడు.

"ఏమంటున్నారు?"

"ఒక్కనికే కమ్ర ఇయ్యరంట ధణీ. కానీ జబ్బు గనక... వంటింటి పక్క సామాన్ల కమ్ర ఉన్నదంట. ఉండేటోళ్ళల్ల ఒకన్ని ఆడికి మార్చొచ్చంట." ఆగాడు. "అంటే, మా వాణ్ణే."

గోడ మీది కాలెండరు వైపు చూశాను. నేనేమీ అడగనవసరం లేకపోయింది. ఆయనే వార్డెనుతో రెండు మాటలు చెప్పి నా వైపు తిరిగాడు.

"మారుస్తమని చెప్పిన. దమ్ముతోని ఆటలా ధణీ? మావోడు ఏడుంటేంది, పండుకునేటందుకే గదా."

పది గంటల యాభై నిమిషాలకు వార్డెను పుస్తకంలో ఆ మార్పు రాశాడు. నేను సంతకం చేశాను. దాని కింద మేస్త్రీ వేలిముద్ర వేశాడు.

సామాన్ల గదిని తర్వాత చూశాను. ఎనిమిది అడుగులకు తొమ్మిది. కిటికీ లేదు. పైకప్పు దగ్గర రెండు ఇటుకలంత సందు. ఒక గోడ అవతల కట్టెల పొయ్యిలు.

పన్నెండు దాటి అయిదు నిమిషాలకు నా భార్యా కొడుకూ బకెట్టుతో వచ్చారు. అప్పటికి మేస్త్రీ తన కొడుకు కంబళినీ పుస్తకాలనూ అటు చేర్చి ఎటో వెళ్ళాడు. మా అబ్బాయి ముప్పై ఒకటో గదిలో ఖాళీ మంచం చూసి "వాడేడి?" అన్నాడు. "గది మార్చారట," అన్నాను. ఎందుకని వాడు అడిగేలోపు మేస్త్రీ వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. పూర్తిగా తడిసిపోయాడు. తలగుడ్డలో మూటగట్టి ఏదో ఆకు తెచ్చాడు.

"అమ్మా, అడ్డసరం ఆకు. రోడ్డు పక్క కంచెల కనబడ్డది. నీళ్ళల్ల కాచి జర తేనె వేసి తాపు. దమ్ముకు మంచిగ పనిజేస్తది. మా ఇంటిదానికి గిట్లనే తగ్గింది."

"ఎవరికయ్యా దమ్ము?"

"చిన్న ధణికి."

"మావాడికా!" నా భార్య గట్టిగా నవ్వింది. "పుట్టి పదిహేడేళ్ళయింది, గట్టిగా తుమ్మి ఎరగడు. వానలో నానినా రాయిలా ఉంటాడు. నీకెవరు చెప్పారీ మాట?"

మేస్త్రీ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు కొంత తేలికయ్యేదేమో. ఆయన మూటను జాగ్రత్తగా కిటికీ మీద పెట్టాడు.

"ఎవరు చెప్పలేదమ్మా. ఈడ చలి జాస్తి గదా, పిల్లలకు ముందుగాల ఉంటదని తెచ్చిన. ఉండనీ."

అని వెళ్ళిపోయాడు. నా భార్య ముఖంలో నవ్వు పోవడానికి కొంత సమయం పట్టింది. మా అబ్బాయికి అంతసేపు పట్టలేదు.

"నాకు ఉబ్బసం ఎప్పుడొచ్చింది నాన్నా?" అన్నాడు. అది ప్రశ్న కాదు. "నేను వెళ్ళి వార్డెనుకు నిజం చెప్పాలంటే, మా నాన్న అబద్ధం చెప్పాడని చెప్పాలి. మొదటి రోజే." మంచం మీద కూర్చున్నాడు. "నేను చెప్పలేను. మీరు చెబుతారా?"

"సాయంత్రం చూద్దాం," అన్నాను.

సాయంత్రం చూశాను. వార్డెను ఇల్లు వసతి గృహానికి ఎదురుగా రోడ్డు అవతల ఉంది. గేటు నుంచి నా అడుగుల్లో అరవై నాలుగు. మా రైలుకు ఇంకా గంటా పది నిమిషాల వ్యవధి ఉంది. నేను గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి, ఆ ఇంటి వరండాలో దీపం వెలగడం చూసి, జట్కా పిలిచాను. కన్నడం రాదు కదా అని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. వెంట రమ్మంటే మా అబ్బాయి వచ్చేవాడు.

అదే రైల్లో మేస్త్రీ కూడా ఉన్నాడు. రైలు పెట్టెలో అటు చివర కింద కూర్చున్నాడు. దిగవలసిన చోట వచ్చి మా బకెట్టు దించాడు. ఆ బకెట్టు మా అబ్బాయి వద్దన్నాడు. మాతోనే తిరిగి వచ్చింది. దారి పొడుగునా నా భార్య ఒకే ఒక్క మాట అంది.

"ఏడాదికి ఎన్నిసార్లొస్తుందో కూడా చెప్పే ఉంటారు."

జూలై నెలాఖరుకు కాలువకు నీళ్ళు వచ్చాయి. ఆయన ఎప్పటిలాగే ముఠాను తీసుకుని వచ్చాడు. నారు పీకించాడు, మడులు సరిచూశాడు, వాకిట్లో దోసిలి పట్టి నీళ్ళు తాగాడు. నీళ్ళు పోసింది నా భార్య. ఆ రోజు ఆమె చెంబు ఆయన చేతికే ఇవ్వబోయింది. నేను అరుగు మీద ఉండటం చూసి ఆయన చెయ్యి చాపలేదు, దోసిలే పట్టాడు. ధారవాడ ప్రస్తావన ఆయన తేలేదు. వాడలో కూడా ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ మాట క్యాంపు దాకా వచ్చేది, రాలేదు.

అక్టోబరు 12, శనివారం, మా అబ్బాయిని సెలవులకు ఇంటికి తీసుకురావడానికి వెళ్ళాను. ఎండ కాస్తోంది. ముప్పై ఒకటో గదికి తాళం వేసి ఉంది. తాళం మీద తుప్పు పట్టింది. కావలివాణ్ణి సైగలతో అడిగితే నన్ను వంటింటి వైపు తీసుకెళ్ళాడు. సామాన్ల గదిలో గోడ వెంట మా పరుపు చుట్ట, దాని పక్కనే కంబళి. ఇద్దరూ బోర్లా పడుకుని ఒకే పుస్తకంలోకి చూస్తూ ఏదో వాదించుకుంటున్నారు. సగం కన్నడం, సగం తెలుగు. గోడ నల్లగా పొగచూరి ఉంది. మా అబ్బాయి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మేస్త్రీ కొడుకు కూడా లేచాడు, నాకు నమస్కారం చేశాడు.

నన్ను అబద్ధికుణ్ణి చేయకుండా ఇద్దరూ ఒకచోట ఉండటానికి మా వాడికి దొరికిన దారి అది ఒక్కటే. జూలై 1 రాత్రి మేము వెళ్ళగానే పెట్టె ఈడ్చుకుని అక్కడికి మారాడట. వెలుతురు ఉన్న గది తాళంతో ఉండగా, కిటికీ లేని గదిలో వాళ్ళిద్దరూ పడుకున్నవి నూట మూడు రాత్రులు. తర్వాత వార్డెను తనంతట తాను కనిపెట్టి ఇద్దరినీ ముప్పై ఒకటికి పంపాడు. అందులో నా పాత్ర లేదు.

నాట్ల రోజుల లెక్క నేను ఏటా పుస్తకంలో రాసుకుంటాను. 1975లో కొడుక్కు ఉద్యోగం వచ్చి మేస్త్రీ పనికి రావడం మానేశాడు. 1968 జూలై నుంచి 1974 ఆగస్టు దాకా ఏడు సంవత్సరాల పుస్తకాలు తీసి మొన్న మళ్ళీ కూడి చూశాను. ఆయన నా పొలంలో ఉన్న రోజులు నూట తొమ్మిది. ఆ నూట తొమ్మిది రోజుల్లో ధారవాడలో నేను చేసింది తప్పని ఆయనతో చెప్పిన రోజులు సున్నా.