ట్యాంకు మూత

మా పాపకు మళ్లీ ఆయాసం వచ్చి, ఈ మోటారుసైకిలు దారిలోనే ఆగిపోతే ఏం చేయాలి? వేళకాని వేళ రెంజల్ నుంచి బోధన్ డాక్టరు దగ్గరికి పోవాలంటే మాకు పక్కింటి రామ్‌దాస్ పాత బండే దిక్కు. చెరకు తోటలు తనిఖీ చేసే రామ్‌దాస్, దసరాకు దానికి పూజ చేసిన మర్నాడే కాలు విరగ్గొట్టుకున్నాడు. బండి శివరాత్రి దాకా కొట్టంలోనే ఉండిపోయింది. ఇప్పుడు స్టార్టవుతుంది గానీ వీధి చివరికి పోయేసరికి తుస్సుమని ఆగిపోతుంది. ఆయన లుంగీ ఎగగట్టి ప్లగ్గు తుడుస్తాడు, కార్బొరేటర్ ఊదుతాడు. “పెట్రోల్ల నీళ్లు కలిపిండ్రు బద్మాష్‌గాళ్లు” అంటూ ట్యాంకు మూత తీసి చూసి, మళ్లీ బిగిస్తాడు. బండి మళ్లీ కొంతదూరం పోయి ఆగుతుంది.

గడపలో బీడీలు చుడుతున్న ఆయన భార్య తారాబాయి తలెత్తకుండానే అంది: “మూత తీసినప్పుడల్ల జరసేపు మంచిగనే నడుస్తున్నది గద. గా మూతనే సూడరాదు.” ఆయన చూశాడు. మూతమీద గాలి పోయే సన్నని రంధ్రాన్ని దసరానాటి పసుపు గట్టిపడి మూసేసింది. ట్యాంకులోకి గాలి పోకపోతే పెట్రోలు ఇంజనులోకి దిగదు. “గింత మందం ఎవరు పూయమన్నరు?” అని కసిరాడు. “నువ్వే పూసినవ్,” అంది తారాబాయి. ఆయన సూదితో పొడిచి, వీధంతా తిరిగొచ్చాడు. బండి ఆగలేదు. ఆ చిరాకులోనే, మంకీ టోపీ, రెండు శాలువాల మధ్య నా భుజంమీదున్న పాపను చూశాడు. “ఏంది సారు, గా పిల్లకు గిన్ని చుట్టి, కిటికిలు సుత మూసి పెడ్తరు. జర గాలాడనీయుండ్రి.” అప్పటినుంచి మా కిటికీ రెక్క ఒకటి తెరిచే ఉంటోంది. మూయాలనిపించినప్పుడల్లా చేతులు కట్టుకుని కూర్చుంటున్నాను.