ఒక్క బెల్లు అంటే ఆగు

సదయ్యకు ఉన్నది ఒక్కటే పిచ్చి. మనిషి కనిపిస్తే చాలు, ఆ మనిషి తలలో ఏ భాగం ఏ పని ఎగ్గొడుతోందో చెప్పందే వదలడు. గోదావరిఖనిలో కొత్త మనిషిని ఎవరైనా ఏ బొగ్గుబాయి, ఏ షిఫ్టు అని అడుగుతారు. సదయ్య తిన్నగా నెత్తి వంక చూస్తాడు. చాయ్ హోటల్లో ఎవరి చేతిలోనైనా గ్లాసు జారితే, "నీ చిన్నమెదడు డ్యూటీ సక్కగ చేస్తలేదు" అంటాడు. తాళంచెవి ఎక్కడో మరిచిపోయానన్నవాడి చెవి పైన వేలుపెట్టి, జ్ఞాపకం ఉండే చోటు చూపిస్తాడు. మొదలుపెట్టాడా, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. భార్య సారవ్వ వల్ల కూడా కాదు.

ఈ పిచ్చి అంటించింది ఎదురింటి మమత అని కాలనీ అంతా అంటుంది. మమత మెడికల్ కాలేజీలో మొదటి ఏడు చదువుతోంది. నెలన్నర కింద ఒక సాయంత్రం సదయ్య ఆమె ఇంటి గేటు దగ్గర నిలబడ్డాడు.

"బిడ్డా, మెదడు పుస్తకం ఉన్నదా నీ దగ్గర?"

"ఉన్నది తాతా. కని ఇంగ్లీషుల ఉంటది."

"బొమ్మలు ఏ భాషల ఉంటయి?"

మమత పుస్తకం తెచ్చి బొమ్మల పేజీ తెరిచింది. ఆ రోజు నుంచి సరిగ్గా నాలుగు గంటలకు సదయ్య హాజరు. ఆయన బొమ్మ మీద వేలు పెట్టాలి, ఈమె చెప్పాలి. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. పెద్దమనిషిని పొమ్మనలేక, తన చదువు సాగక మమతకు లోలోపల ఉడికిపోయేది.

ఒక రోజు విసుగ్గానే చెప్పింది. "ఒక నరాల కణం ఇంకోదానికి తాకదు తాతా. నడుమ సన్నటి సందు ఉంటది. ఇటు కణం ఒక రసం వదుల్తది, అటు కణం దాన్ని అందుకుంటది. మెదడుల ముచ్చట్లన్నీ గట్లనే."

సదయ్య బొమ్మ మీంచి వేలు తీశాడు. "గిది మా బాయే కద బిడ్డా" అన్నాడు.

ఆయన ఇరవై రెండేళ్లు హాలర్ నడిపాడు. భూమి లోపలి నుంచి బొగ్గు టబ్బులను ఇనుపతాడుతో పైకి లాగే ఇంజను అది. "నేను పైన, యిర్మియన్న కింద. నడుమ అర కిలోమీటరు చీకటి. మొఖం కనవడది, మాట ఇనవడది. అన్న కిందికెళ్లి బెల్లు కొడ్తడు. ఒక్క బెల్లు అంటే ఆగు. రెండు అంటే దించు. మూడు అంటే లాగు. గంతే."

"కొట్టేది యిర్మియా తాతనే అని ఎట్ల తెలుస్తది?"

"మనిషి మనిషికి కొట్టుడు తేడా ఉంటది. యిర్మియన్న ఆఖరి బెల్లు జర గుంజి కొడ్తడు."

"మరి బెల్లు సాఫ్‌గ ఇనవడకపోతే?"

"తాడు కదుపొద్దు. మళ్ల కొట్టేదాక ఆగాలె. అనుమానం మీద లాగినవనుకో, కింద మనిషి టబ్బుల నడుమ పడ్తడు."

నెల రోజులుగా మమతకు ఎక్కని పాఠం ఆ పూట ఎక్కింది. ఆ తర్వాత పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. బెల్లు సంగతి రాయలేదు గానీ, రాస్తున్నంతసేపూ తాడూ చీకటీ కళ్ల ముందే ఉన్నాయి.

అయినా ఒక విషయంలో సదయ్య మీద ఆమెకు కోపం పోలేదు. ఆ యిర్మియా రెండు నెలల కింద పక్షవాతంతో పడిపోయాడు. కుడి కాలూ చెయ్యీ పోయాయి, మాట పూర్తిగా పోయింది. కాలనీలో అందరూ రోజూ వెళ్లి చూసొస్తున్నారు. సదయ్య ఒకే ఒక్కసారి వెళ్లి, పావుగంట కూర్చుని, పెదవి విప్పకుండా లేచొచ్చాడు. మళ్లీ ఆ వీధి మొహం చూడలేదు. ఇన్నేళ్లు ఒకే తాడు మీద బతికిన మనిషి మంచాన పడితే, ఈయన ఇంట్లో కూర్చుని బొమ్మలు చూస్తున్నాడని అందరూ చెవులు కొరుక్కున్నారు.

యిర్మియా భార్య సుగుణమణి ఒకసారి మమత వాళ్ల గడపలో కూర్చుని, "మనిషి ఉన్నడు గని లోపల ఎవ్వరు లేరమ్మా. గోడతోటి ఏం మాట్లాడుత?" అంది. అప్పటికే ఆమె భర్తతో మాట్లాడటం మానేసింది. అంబలి తాగించడం, పక్క మార్చడం, అంతే.

పరీక్షలు ముగిసిన ఆదివారం సదయ్య ఇంటి నుంచి మమతకు కబురొచ్చింది. వెళ్లి చూస్తే అరుగు మీద పాత పేపరు, పేపరు మీద మేక భేజా, దాని ముందు కత్తి పట్టుకుని సదయ్య. వంటింట్లో సారవ్వ గరిటెతో కడాయి అంచు మీద కొడుతోంది.

"నూనె కాగింది. నీ పాఠం ఎప్పుడైతది?"

"ఆగవే. చిన్నమెదడు దాక వచ్చిన."

"చిన్నదో పెద్దదో, ఉప్పుకారం ఒక్కటే. ఇటియ్యి!"

సదయ్యకు ఆ మాటే వినిపించలేదు. గొంతు తగ్గించి మమతను అడిగాడు. "బిడ్డా, మాట పోతే తెలివి పోయినట్టేనా?"

"కాదు తాతా. మాట్లాడించే జాగ వేరు, అర్థం చేసుకునే జాగ వేరు. ఒకటి పోయినా ఇంకోటి ఉండొచ్చు."

"పక్కానా?"

"ఉండొచ్చు అంటున్న. మనిషిని చూస్తే గని తెల్వది."

"ఈ భేజాల చూపియ్యి."

"మేకకు మాట్లాడే జాగ ఉండదు తాతా."

సదయ్య భేజాను తీసుకెళ్లి సారవ్వకు అప్పగించాడు. చేతులు కడుక్కుని, పెట్టెలోంచి ఇస్త్రీ చొక్కా తీసి వేసుకున్నాడు. "పా బిడ్డా" అన్నాడు. మమత చెప్పులు వేసుకుని వెంట నడిచింది.

యిర్మియా ఇనుప మంచం మీద పడుకుని ఉన్నాడు. మంచం పక్క రాడ్డుకు పాత చీర పేలిక మందంగా చుట్టి ఉంది. ఆయన ఎడమ చేయి దాని మీద ఆడుతోంది.

"ఊకె కొడ్తనే ఉంటడు సదయ్యా. నరాల వణుకు" అంది సుగుణమణి. "సప్పుడుకు నిద్ర పట్టక గుడ్డ సుట్టిన."

సదయ్య ఆ గుడ్డను ఒక్కో చుట్టూ విప్పాడు. అంబలి గిన్నెలోని చెంచా అందుకున్నాడు.

"యిర్మియన్నా, పైన నేనే. సదయ్యను." రాడ్డు మీద మూడు కొట్టాడు.

రాడ్డు మీద ఆడుతున్న చేయి ఆగింది. తర్వాత యిర్మియా ఎడమచేతి ఉంగరం రాడ్డుకు తగిలింది. ఒకటి. రెండు. కొంచెం ఆగి, గుంజినట్టుగా మూడు.

అది ఉత్త అనుకరణ కావచ్చు కదా అని మమత భయపడింది. ఇంతలో ఏం చేయాలో తోచని సుగుణమణి, అలవాటుగా అంబలి గిన్నెను భర్త నోటి దగ్గర పెట్టింది. టంగుమని ఒక్క దెబ్బ.

"ఆగు వదినె! అన్న ఆపుమంటుండు."

"ఏంది ఆపేది?"

"అంబలి. అన్నా, చాయ్ కావాల్నా?"

మూడు దెబ్బలు. మూడోది గుంజి. లాగు అంటే కానియ్యమని.

సుగుణమణి నోరు తెరిచింది. "నలభై ఏండ్ల సంది నా వంట వద్దని ఒక్కనాడు అనలే ఈ మనిషి! నోరు పోయినంక అంటుండా?" కళ్లనీళ్లు కారుతున్నాయి, నవ్వూ ఆగడం లేదు. మంచం మీదికి వంగింది. "అయితే నా మాటలన్నీ ఇన్నవా?"

మూడు.

"పక్కింటామెతోటి నీ గురించి చెప్పినయి గూడ?"

ఈసారి మూడు దెబ్బలూ చాలా స్పష్టంగా పడ్డాయి. ఆమె కొంగుతో మొహం కప్పుకుంది.

కాసేపటికి తేరుకుని, "ఇన్ని దినాలు ఎందుకు రాలే సదయ్యా?" అని అడిగింది.

"అప్పుడు వచ్చిన దినమే అనుమానమొచ్చింది వదినె. కని గుడ్డ మీది సప్పుడు, సాఫ్‌గ లేకుండె. అది ఉత్త వణుకే అయితే? మనిషి ఉన్నడని నీకు చెప్పి, మళ్ల లేడంటే, నువ్వు రెండుసార్లు ఏడ్వాలె. గందుకే బిడ్డను అడిగి నేర్సుకున్న."

నెలన్నరగా తన మనసులో ఆయనను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి మమతకు సిగ్గేసింది. సదయ్య అప్పటికే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఇను అన్నా, నీకు అయిందేందంటే, మెదడు ఎడమ పక్కన, ముంగట, మాట్లాడించే జాగ ఒకటున్నది. దానికి రక్తం..."

టంగ్.

"...రక్తం అందకపోతే ఆ కణాలు..."

టంగ్! ఇంకా గట్టిగా.

సదయ్య నోరు మూశాడు. ఆ పాఠం మధ్యలో ఆగడం కాలనీలో అదే మొదటిసారి. ఇరవై రెండేళ్లలో ఆయన ఆ బెల్లును ఒక్కనాడూ కాదనలేదు మరి.

సంగతి సారవ్వకు చేరింది. మర్నాడు వంటింటి గుమ్మానికి ఒక ఇనుప పళ్లెం వేలాడదీసింది. సదయ్య పాఠం చిన్నమెదడు దగ్గరికి రాగానే గరిటెతో ఒక్కటి కొట్టింది.

సదయ్య చెవి రిక్కించి విన్నాడు. "ఇది యిర్మియన్న కొట్టుడు కాదు" అని పాఠం కొనసాగించాడు.