రాబందులు దిగిన చోటు

పాచిపెంట కొండల మీద వైర్‌లెస్ టవర్ కాపలాకి నన్ను పంపింది తొంభైల చివర్లో, మాఘమాసంలో. లారీ దిగేసరికి ఉదయం తొమ్మిదిన్నర. మంచు ఇంకా విడలేదు. హవల్దారుతో కలిపి ఏడుగురం. మనిషికో రైఫిలు, రెండు కంబళ్లు. తాగే నీళ్లు రెండు వందల గజాల కింద, వాగులో.

పదకొండో రోజు సాయంత్రం లోయలో రెండు తుపాకీ మోతలు. కాసేపటికి జీపు వెళ్లిపోయిన చప్పుడు.

"వేటకొచ్చినోళ్లు" అన్నాడు సెంట్రీ.

మర్నాడు ఏడింటికి వాగు మీద రాబందులు తిరుగుతున్నాయి. హవల్దారూ నేనూ దిగాం. దుప్పిని అక్కడే కోశారు. తలనీ తొడల్నీ పట్టుకుపోయారు. పేగులు, వెన్నెముక, గిట్టలు నీటి ఒడ్డునే వదిలేశారు. రాబందులు పద్నాలుగు. పొదవారన ఒక నక్క, వాటి తిండి అయ్యేదాకా ఆగి ఉంది.

కింది క్యాంపుకి రేడియోలో చెప్పాం.

"నీళ్లు పాడవుతాయి. పూడ్చెయ్యండి. ఓవర్."

నేను మోకాలి లోతు తవ్వేసరికి రాళ్ల మీదుగా ఒకామె ఆయాసపడుతూ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. మమ్మల్ని పలకరించలేదు. చేతికర్రతో రాబందుల్ని అదిలించి, ఎముకల్ని ఒక్కొక్కటే తిరగేసింది.

"దుప్పేనమ్మా. గిట్టలు చూడు" అన్నాడు హవల్దారు.

"సూసినాను బాబూ. పక్కన మరేటైనా ఉందేమోనని."

మొగుడు తేనెకని అడవిలోకి వెళ్లాడట, వానలకి ముందు. మళ్లీ రాలేదు.

"పిట్టలు దిగిన సోటికల్లా ఎల్తన్నాను" అంది. అప్పుడు నా గుంత చూసింది. "ఏటి సేత్తన్నారు? కప్పెట్టేత్తారా?"

"నీళ్లు పాడైపోతాయమ్మా."

"తిండి లేక ఇయ్యి ఏరే కొండకి పోతే, ఆయనెక్కడున్నాడో నాకెవులు సెప్తారు?"

అప్పటికి ఎనిమిది నెలలు దాటింది. ఇంకా ఏం మిగిలి ఉంటుందో ఆమెతో అనే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

హవల్దారు నా చేతిలోంచి పార తీసుకుని పక్కన పెట్టాడు.

"టార్పాలిన్ పట్టా తీసుకురా."

దుప్పి అవశేషాల్ని పట్టాలో మోసి, వాగుకి దూరంగా ఎత్తయిన బండ మీద పరిచాం. మూడు విడతలు. ఒడ్డు కడిగాం. నా చేతుల వాసన రెండు రోజులు పోలేదు.

"పని అయిందా? ఓవర్" అని రేడియోలో క్యాంపు నుంచి అడిగారు.

"వాగు శుభ్రం. ఓవర్" అన్నాడు హవల్దారు. పూడ్చామని మాత్రం అనలేదు.

గంటలో రాబందులు బండ మీదికి దిగాయి. చివర్న నక్క ఎక్కింది. ఆమె దూరంగా కూర్చుని అవి తినడం చూసి, లేచి వెళ్లిపోయింది.

నాలుగు నెలలకి నాకు బదిలీ అయింది. ఉదయం ఆరున్నరకి లారీ కదిలింది. రెండో మలుపులో, ఎదురు కొండ మీద మళ్లీ రాబందులు కనిపించాయి. కింద కాలిబాటలో ఆమె. ఊట దగ్గర ఆగింది. కర్ర పక్కన పెట్టి ముఖం కడుక్కుంది. తడిచేతులతో జుట్టు దువ్వుకుని ముడి వేసుకుంది, కొంగు సరిచేసుకుంది. అప్పుడు కొండెక్కడం మొదలుపెట్టింది.